గొలుసు ఏ ఎత్తున కట్టాలి?

నేను పగిడ్యాల ప్రాంతంలో పనిచేసే వ్యవసాయ విస్తరణాధికారిని. ఈ పూట విత్తనాలను గురించి గాని, ఎరువులను గురించి గాని చెప్పబోవటం లేదు. బండి మీద, ఎద్దు మీద, ట్రాక్టరు మీద ఏయే బలాలు ఏ వైపు నుంచి పనిచేస్తాయో, వాటిని లెక్క చూసుకోవటం ఎట్లాగో చెప్పదలచుకున్నాను. ఇది బడిపిల్లల పాఠం గదా, మాకెందుకు అంటారేమో. నాకూ ఒకప్పుడు అట్లాగే అనిపించేది. డిప్లొమా చదివేటప్పుడు పరీక్షకు బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోయాను. మరిచిపోయినందువల్ల ఏం జరగబోయిందో ముందు వినండి.

కొన్నేళ్ల క్రిందట ఒక వానాకాలం. మా వైపు నేల నల్లరేగడి అని మీకు తెలుసు. తడిస్తే చెప్పు ఊడదు, చెప్పుతో పాటు కాలూ ఊడి రాదు. ఒక రైతు పొలంలో ఎరువు ట్రాలీతో దిగిన ట్రాక్టరు ఇరుసు దాకా కూరుకుపోయింది. దాన్ని లాగటానికి ఇంకొక ట్రాక్టరు తెచ్చి గట్టి కంకర బాట మీద నిలబెట్టారు. నడిపేవాడు ఇరవై ఏళ్ల పిల్లవాడు. గొలుసును కింద ఉండే హుక్కుకు కట్టారు. లాగితే గొలుసు బురదలో మునిగి, మట్టిని కోస్తూ పోతున్నది. అక్కడ చదువుకున్నవాడిని నేనొక్కణ్ణే. "కింద ఎందుకయ్యా, పైన టాప్ లింకు రంధ్రానికి కట్టండి, గొలుసు బురదకు తగలకుండా ఉంటుంది" అన్నాను. కట్టారు. పిల్లవాడు గేరు వేసి క్లచ్చి వదిలాడు. గొలుసు బిగిసింది. మరుక్షణం బాట మీది ట్రాక్టరు ముందు చక్రాలు నేల విడిచి మనిషి నడుమంత ఎత్తుకు లేచినవి. పిల్లవాడు భయంతో క్లచ్చి తొక్కాడు గనుక సరిపోయింది, ముందుభాగం దబ్బున కింద పడింది. తొక్కకపోతే ట్రాక్టరు వెనక్కు తిరగబడి వాడి మీదనే పడేది.

ఎవరూ నన్ను ఒక మాట అనలేదు. సలహా నాదే అని అందరికీ తెలుసు. ఆ రాత్రి ఇంటికి పోయి పాత పుస్తకం తీశాను. అందులో నాకు అర్థమైంది మీకు చెప్పటమే ఈనాటి ప్రసంగం. రేడియోలో బొమ్మ చూపలేను. మీరే నేల మీద పుల్లతో గీసుకుంటూ వినండి.

ముందు ఎద్దుబండితో మొదలుపెడదాం. రైతు సమావేశంలో నేను ఈ సంగతులు ఎత్తుకుంటే ఒక పెద్దాయన ప్రశ్న వేశాడు. "సారూ, ఎద్దు బండిని ఎంత బలంతో లాగితే బండి కూడా ఎద్దును అంతే బలంతో వెనక్కు లాగుతుందని మా మనవడు పుస్తకంలో చదివినాడు. ముందుకెంతో వెనక్కంతే అయితే, ఇంక బండి కదిలేదెట్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. కాని నవ్వవలసిన ప్రశ్న కాదది. న్యూటన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1687లో అచ్చువేసిన గ్రంథంలో చెప్పిన మాటే ఆ మనవడు చదివింది. మాట నిజం. పొరపాటు లెక్కలో ఉన్నది.

పొరపాటు ఏమంటే, రెండు వస్తువుల పద్దులను ఒకే పుస్తకంలో కలిపి రాయటం. మీ ఇంటి లెక్కా పక్కింటి లెక్కా ఒకే కాగితం మీద రాసుకుంటే మీరు ఇచ్చిన వంద, ఆయన పుచ్చుకున్న వంద కొట్టివేసి ఏమీ జరగలేదనుకుంటాం. మీ సంచీలో మాత్రం వంద తగ్గే ఉంటుంది. బలాల లెక్క కూడా అంతే. ఒక్క వస్తువును పట్టుకోవలె. దాని చుట్టూ గీత గీయవలె. బయటినుంచి దాన్ని ఎవరెవరు తోస్తున్నారు, ఎవరెవరు లాగుతున్నారు అన్నది మాత్రమే రాయవలె. అది ఇతరులను తోసేది, లాగేది రాయరాదు. అవి ఆ ఇతరుల పద్దులోకి పోతాయి.

ఇప్పుడు బండి ఒక్కదాన్నే పట్టుకుందాం. సరుకుతో కలిసి 1000 కిలోలు అనుకోండి. భూమి దాన్ని కిందికి 1000 కిలోల బలంతో లాగుతుంది. చక్రాల కింద నేలా, నొగ ముందర కాడీ కలిసి దాన్ని అంతే బలంతో పైకి మోస్తున్నవి. ఎద్దులు ముందుకు లాగుతాయి. నేల, ఇరుసు రాపిడి వెనక్కు పట్టుకుంటాయి. అంతే, ఇంకేమీ లేవు. రబ్బరు టైరు బండి గట్టి బాట మీద పోతే ఆ వెనక్కు పట్టే బలం బరువులో సుమారు నూటికి 3 వంతులు, అంటే 30 కిలోలు. బురదలో దిగితే నూటికి 15, 20 వంతులు కూడా అవుతుంది. ఎద్దులు 30 కిలోల కంటె కొంచెం ఎక్కువ లాగితే బండి కదిలి వేగం అందుకుంటుంది. ఒకసారి నడక కుదిరినాక సరిగ్గా 30 కిలోలు లాగితే చాలు, అదే నడకతో పోతుంది. నడిచే బండికి ముందుకు లాగే బలం ఎప్పుడూ ఎక్కువే ఉండాలని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కదిలించటానికే ఎక్కువ కావలె. బండి కదిలేటప్పుడు ఎద్దు వంగి, మోకాళ్లు మడిచి పీకటం, తర్వాత తల ఎత్తి తీరుబడిగా నడవటం మనం రోజూ చూసిందే.

ఇక ఎద్దుల పద్దు. బండి వాటిని 30 కిలోలతో వెనక్కు లాగుతున్నది, మనవడు చెప్పింది నిజమే. మరి ముందుకు తోసేది ఎవరు? నేల! ఎద్దు డెక్కతో నేలను వెనక్కు తన్నితే నేల ఎద్దును ముందుకు తోస్తుంది. నేల పట్టు ఇచ్చినంత సేపే ఎద్దు బలం ఎద్దుకు ఉపయోగం. తడి రేగట్లో డెక్క జారితే ఎంత బలిసిన ఎద్దయినా కాలు కొట్టుకోవటమే గాని బండి కదలదు. అప్పుడు ముల్లుకర్రతో పొడిచి లాభం లేదు. ఎద్దు తప్పు కాదది, నేల తోయటం లేదు. కాలి కింద ఇంత గులకరాయి, ఎండు చొప్ప వేస్తే పని అవుతుంది. పెద్దాయన ఈ మాట విని, "అయితే బండిని లాగేది భూదేవి అన్నమాట" అన్నాడు. నేను పుస్తకం చూసి చెప్పినదానికంటె ఆయన చూడకుండా చెప్పిందే బాగున్నది.

వాలు వస్తే ఏమవుతుందో త్వరగా చెపుతాను. 20 అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు ఎక్కే బాట మీద బండి బరువులో ఇరవయ్యో వంతు వెనక్కు లాగుతుంది. 1000 కిలోలకు 50 కిలోలు. రాపిడి 30 కలిపితే 80. ఒక ఎద్దు రోజంతా అలసట లేకుండా లాగగలిగేది తన బరువులో సుమారు పదో వంతు. నాలుగేసి వందల కిలోల ఎద్దుల జతకు సరిగ్గా 80 కిలోలే. కాబట్టి మీ కళ్లకు చదునుగా కనిపించే ఆ కాస్త వాలే జత సత్తువనంతా తినేస్తున్నది. దిగేటప్పుడు అదే 50 కిలోలు ముందుకు తోస్తుంది. వాలు పదికి ఒకటి అయితే 100 తోస్తుంది, రాపిడి 30 పోగా మిగిలిన 70 ఎద్దుల మెడల మీద వెనకనుంచి పడుతుంది. దిగుడులో ఎద్దు ముందరి కాళ్లు ఎందుకు తడబడతాయో ఇప్పుడు తెలిసింది గదా.

వాలును శత్రువుగా కాక చుట్టంగా చేసుకున్నవారు మన పూర్వులు. కపిల తోలిన పెద్దలు ఇంకా కొందరున్నారు. కరెంటు మోటార్లు వచ్చినాక కపిల బావులు పోయినవి. కాని దాని ఏర్పాటు గుర్తుకు తెచ్చుకోండి. ఎద్దులు నడిచే బాట బావినుంచి దూరంగా పోయేకొద్దీ కిందికి దిగేట్టు తవ్వేవారు. ఎందుకు? ఎద్దుల జత ఒక్కదాన్నే పట్టుకుని లెక్క చూడండి. నీళ్లతో నిండిన బాన 150 కిలోలు అనుకుంటే, గిలక మీదుగా మోకు ఎద్దులను 150 కిలోలతో వెనక్కు పట్టి లాగుతుంది. బాట చదునుగా ఉంటే ఆ 150 కిలోలూ కాళ్లతో తన్ని తెచ్చుకోవలసిందే. ఎనిమిదికి ఒకటి వాలు ఉన్నదనుకోండి. 800 కిలోల జత బరువులో ఎనిమిదో వంతు, అంటే 100 కిలోలు, వాలు వెంట కిందికి లాగుతుంది. ఆ పని భూమి ఊరికే చేసిపెడుతుంది. కాళ్లు చేయవలసింది 50 మాత్రమే. తోలేవాడు కూడా మోకు మీద కూర్చునేవాడు గదా. అది సరదాకు కాదు, కష్టం తప్పించుకోవటానికీ కాదు. వాడి బరువులో కొంత భాగం వాలు వైపు కలిసి ఎద్దులకు ఆసరా అయ్యేది. మళ్లీ పైకి వచ్చేటప్పుడు బాన ఖాళీ. ఈ ఏర్పాటు చేసినవాడు న్యూటన్ పేరు విని ఉండడు. అయినా లెక్క ఎక్కడా తప్పలేదు.

సరే, ఇంతవరకు తోసే బలం, లాగే బలం మాత్రమే చూశాం. ఇంకొకటి ఉన్నది, తిప్పే బలం. దీనికి కూడా బండే గురువు. సరుకంతా ఇరుసుకు ముందర వేస్తే నొగ కిందికి దిగి కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. వెనక వేస్తే నొగ పైకి లేచి మెడతాళ్లు గొంతుకు బిగుస్తాయి. అంటే ఇరుసు నడుమ ఉండగా బండి త్రాసులాగా అటో ఇటో తిరగజూస్తున్నది. ఎంత బరువు అన్నదొక్కటే కాదు, ఇరుసుకు ఎంత దూరాన అన్నది కూడా లెక్కే. ఇరుసుకు మూర దూరాన వేసిన రెండు బస్తాలూ, రెండు మూరల దూరాన వేసిన ఒక బస్తా సమానం. బండ లేపటానికి పొడుగు పలుగు తీసుకుంటాం గదా, అందుకే. బరువును దూరంతో గుణిస్తే తిప్పే బలం వస్తుంది.

ఇప్పుడు ఆనాటి ట్రాక్టరు దగ్గరికి పోదాం. నేల మీద బొమ్మ గీయండి. వెనక పెద్ద చక్రం, ముందు చిన్న చక్రం. కూరుకుపోయిన ట్రాక్టరు మన లెక్కలోకి రాదు, గొలుసు కూడా రాదు. బాట మీద నిలబడి లాగే ట్రాక్టరు ఒక్కదానిచుట్టూ గీత గీయండి. దాని బరువు 2000 కిలోలు అనుకుందాం. ముందు చక్రాల మీద 700, వెనక చక్రాల మీద 1300 పడుతున్నవి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం రెండు మీటర్లు. అట్లయితే బరువు కేంద్రం వెనక ఇరుసుకు 70 సెంటీమీటర్లు ముందర ఉంటుంది. బరువంతా ఆ ఒక్క చోటనే పనిచేస్తున్నదని లెక్కవేయవచ్చు.

ఇక బలాలు. బరువు కిందికి. నేల చక్రాలను పైకి. వెనక చక్రాలు నేలను వెనక్కు తన్నుతాయి గనుక నేల ట్రాక్టరును ముందుకు. గొలుసు వెనక్కు. గట్టి బాట మీద మంచి టైర్లు ఉన్న ట్రాక్టరు ఎక్కువలో ఎక్కువ తన బరువులో నూటికి 70 వంతుల దాకా లాగగలదని తీసుకుందాం. అంటే గొలుసు 1400 కిలోలతో వెనక్కు లాగుతుంది.

వెనక చక్రం నేలకు తగిలే చోట వేలు పెట్టండి. ఆ చోటు చుట్టూ ట్రాక్టరు ఎటు తిరగజూస్తున్నది? బరువు ముందుభాగాన్ని నేలకు అదిమి పట్టుకుంటున్నది. 2000ను 0.70 మీటరుతో గుణిస్తే 1400. గొలుసేమో వెనక్కు తిరగేయజూస్తున్నది. దాని బలం 1400, దాన్ని గొలుసు కట్టిన ఎత్తుతో గుణించాలి. కింది హుక్కు నేలనుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే 1400ను 0.45తో గుణిస్తే 630. అదిమి పట్టేది 1400, తిరగేసేది 630. ముందు చక్రాల మీద ఇంకా 385 కిలోలు మిగిలే ఉంటాయి. భయం లేదు.

టాప్ లింకు రంధ్రం సుమారు ఒక మీటరు ఎత్తు. 1400ను ఒకటితో గుణిస్తే 1400. అదిమి పట్టేది కూడా 1400! ముందు చక్రాల మీద ఒక్క కిలో బరువు కూడా మిగలలేదు. వదులుగా ఉన్న గొలుసు ఒక్కసారి బిగిసిన కుదుపుకు ఇంకొంచెం బలం చేరుతుంది. చక్రాలు లేచినవి. ఆ పిల్లవాడికి నేను ఇచ్చిన సలహా ఇదీ. గొలుసు బురదకు తగులుతుందా లేదా అని చూశాను గాని, అది ట్రాక్టరును ఏ ఎత్తున పట్టి లాగుతున్నదో చూడలేదు.

ఒకసారి లేచినాక సంగతి ఇంకా చెడుతుంది. ముక్కు లేచేకొద్దీ బరువు కేంద్రం వెనక ఇరుసుకు దగ్గరవుతుంది. అంటే అదిమి పట్టే బలం తగ్గిపోతూ ఉంటుంది. కింది హుక్కుకు కట్టి ఉంటే ఒక మేలున్నది. అది ఇరుసుకు బాగా వెనకగా ఉంటుంది గనుక ముక్కు లేచేకొద్దీ నేలకు దిగుతుంది. గొలుసు ఎత్తు తగ్గి దాని తిప్పుడూ తగ్గుతుంది. ట్రాక్టరు తనను తానే సర్దుకుంటుంది. పైరంధ్రానికి కడితే ఈ సర్దుబాటు దాదాపు లేదు. మనిషి తెలుసుకుని క్లచ్చి మీద కాలు వేసేలోపే తిరిగిరాని హద్దు దాటవచ్చు. ఆ హద్దు దాటటానికి ఒక సెకను చాలు. మా పిల్లవాడి కాలు క్లచ్చి మీదనే ఉన్నది. అది వాడి అదృష్టం, నాదీనూ.

బాట ఎక్కుడుగా ఉంటే ఈ లెక్కలో బరువు కేంద్రం ఇంకా వెనక్కు పడుతుంది. కె.సి. కాలువ గట్టు ఎక్కేటప్పుడు నిండు ట్రాలీతో క్లచ్చిని ఒక్కసారి వదలరాదు. దిగేటప్పుడు ఇంకొక ప్రమాదం. డీజిలు కలిసివస్తుందని గేరు తీసివేసి దించేవారిని చూస్తున్నాను. బండి వాలులో చెప్పిన లెక్కే ఇక్కడా. వెనకనుంచి ట్రాలీ తోస్తున్నది, ఇంజను పట్టుకోవటం లేదు. ట్రాలీ పక్కకు మళ్లి ట్రాక్టరును అడ్డం తిప్పేస్తుంది. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగవలె.

చక్రం కూరుకున్నప్పుడు మనవాళ్లు చేసే ఇంకొక పని చెప్పకుండా ముగించలేను. వెనక చక్రాలకు అడ్డంగా దుంగను గొలుసుతో కట్టి ముందుకు నడపటం. మళ్లీ ట్రాక్టరు ఒక్కదాన్నే పట్టుకుని చూడండి. ఇంజను ఇరుసును తిప్పజూస్తుంది. చక్రం తిరిగితే సరే. దుంగ బురదలో ఇరుక్కుని చక్రం బిగిసిపోతే? చక్రం తిరగలేదు గనుక ఇంజనుతో సహా ట్రాక్టరు శరీరమే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముక్కు లేస్తుంది. ఇక్కడ గొలుసు ఎత్తు ఎంత అన్న ప్రశ్న కూడా లేదు.

మరి ఏం చేయాలి? మొదట ట్రాలీ విప్పండి, లేదా సరుకు దించండి. కష్టమే, కూలీ ఖర్చే, కాదనను. చక్రాల వెనక మట్టి తవ్వి, చొప్ప వేసి, వెనక్కు నడిపి చూడండి. వెనక్కు పోయేటప్పుడు ఇంజను తిప్పుడు ముందుభాగాన్ని నేలకు అదుముతుందే గాని లేపదు. అప్పటికీ రాకపోతే ఇంకొక ట్రాక్టరును గట్టి నేల మీద పెట్టి, పొడుగు గొలుసు తీసుకుని కింది హుక్కుకే కట్టి, గొలుసు బిగిసేదాకా మెల్లగా వచ్చి ఆ తర్వాతనే బలం పెట్టండి. గొలుసు బురదకు తగిలితే తగలనివ్వండి. తెగి ఎగిరితే ప్రాణం తీస్తుంది గనుక దరిదాపుల ఎవరూ నిలబడరాదు, పిల్లలు అసలే వద్దు.

స్వీడన్ దేశంలో 1959లోనే కొత్త ట్రాక్టర్లన్నిటికీ బోల్తాపడినా మనిషి నలగకుండా కాపాడే ఇనుప చట్రం ఉండాలని చట్టం చేశారు. ఆ చట్రం ఉన్న ట్రాక్టరు కొనగలిగినవారు కొనండి. కొన్నవారు సీటు బెల్టు కట్టుకోండి. కట్టుకోకపోతే మనిషి బయటికి విసిరివేయబడి ఆ చట్రం కిందనే పడవచ్చు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. ట్రాక్టరు నడిపే యువకులను అక్కడి శిక్షణకు పంపటం మంచిది. డ్రైవింగు ఒకటి, బలం ఎటునుంచి వస్తున్నదో తెలిసి నడపటం ఒకటి.

ఆ పిల్లవాడి ట్రాక్టరును మొన్న ముచ్చుమర్రి బాటలో చూశాను. టాప్ లింకు రంధ్రం చుట్టూ ఎర్ర రంగు పూసి ఉన్నది. ఎవరు పూశారని అడిగితే, "మా నాయన సారూ, మీరు మళ్లీ చెప్తారేమోనని" అన్నాడు.